గట్టు మీద ఆగిపోయిన ఈత

ఛాతీ తమది కాదనిపించే ట్రాన్స్ పురుషులకు ఈతకొలను ఓ గండం. బిగించి కట్టుకుని దిగితే ఊపిరికి ముప్పు, కట్టుకోకుండా దిగితే మనసుకు కోత. రెంటికీ మధ్య దారి ఉంది. దానికి అడ్డు వస్తున్నది నీళ్లు కాదు, గోడ మీది నిబంధనల బోర్డు.

తెలుగు పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పింది బావులే. నడుముకు ఎండు సొరకాయో, బెండ్లో, తర్వాతి కాలంలోనైతే ప్లాస్టిక్ డబ్బానో కట్టి, దిగుడుబావి మెట్ల మీంచి ఒక్క తోపు తోసేవారు. నాలుగు గుక్కల నీళ్లు మింగాక చేతులూ కాళ్లూ వాటంతటవే ఆడేవి. ఆ గుంపులో ఎనిమిదేళ్ల, తొమ్మిదేళ్ల ఆడపిల్లలూ ఉండేవారు. కాకపోతే వాళ్లకో గడువు ఉండేది. పన్నెండో ఏటో పదమూడో ఏటో ఒక వేసవిలో ఇంట్లో పెద్దవాళ్లు ఇక చాలనేవారు. మగపిల్లలు గట్టు మీంచి దూకుతూనే ఉండేవారు. ఆడపిల్ల మాత్రం గట్టు మీదే ఆగిపోయేది.

అలా ఆగిపోయినవారిలో కొందరు ఆడపిల్లలు కారు. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించుకుని, ఊహ తెలిసినప్పటి నుంచీ తాము మగపిల్లలమనే ఎరిగినవారు. వాళ్లను నీళ్లకు దూరం చేసింది పెద్దల మాట ఒక్కటే కాదు. ఆ ఏడాదే ఛాతీ మారడం మొదలైంది. చొక్కా వదులుగా వేసుకుని, భుజాలు ముందుకు వంచి నడిస్తే బయట ఎలాగో నెట్టుకురావచ్చు. నీళ్లలో ఆ వీలు లేదు. తడిసిన బట్ట ఒంటికి అతుక్కుంటుంది, దాచుకున్నదంతా బయటపెడుతుంది. అందుకే చాలామంది ట్రాన్స్ పురుషుల జీవితంలో ఈత అనేది చిన్నప్పటి జ్ఞాపకంగానే మిగిలిపోతుంది. కొందరు మళ్లీ నీళ్లలోకి దిగుతారు. అయితే దిగే పద్ధతి ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

కనిపించని పురుషులు

మన సమాజానికి ట్రాన్స్‌జెండర్ అనగానే గుర్తొచ్చేది హిజ్రాలు, ట్రాన్స్ మహిళలు. ఆడపిల్లలుగా పెరిగి పురుషులుగా బతుకుతున్నవారు లెక్కల్లోనూ విడిగా కనిపించరు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుష అనే రెండు గడులకు తోడు 'ఇతరులు' అనే గడి చేరింది. అందులో నమోదైనవారు సుమారు 4.88 లక్షల మంది. వారిలో ట్రాన్స్ పురుషులెందరో ఆ లెక్క చెప్పదు.

వీరిలో చాలామందిని వేధించేది ఛాతీ. మనసు ఎరిగిన లింగానికీ శరీరం చూపే లింగానికీ పొంతన కుదరక కలిగే వేదనను వైద్యులు డిస్ఫోరియా అంటారు. అది అందరికీ ఒకేలా ఉండదు. కొందరిని గొంతు బాధపెడుతుంది, కొందరిని నెలసరి. అయితే నలుగురి కంటికీ ముందుగా ఆనేది ఛాతీ కాబట్టి ఎక్కువమందిని అదే కుంగదీస్తుంది. అద్దంలో చూసుకోలేరు, స్నానం చీకట్లో ముగిస్తారు. ఎవరైనా కౌగిలించుకోబోతే వెనక్కి తగ్గుతారు.

దీన్ని పిచ్చి అనో, పట్టుదల అనో కొట్టిపారేసే రోజులు పోయాయి. అమెరికా మనోరోగ వైద్యుల సంఘం 2013లో తన వ్యాధుల పట్టిక నుంచి 'లింగ గుర్తింపు రుగ్మత' అన్న మాటను తీసేసింది. ఆ స్థానంలో డిస్ఫోరియాను చేర్చింది. రుగ్మత ఆ గుర్తింపులో లేదు, దానివల్ల కలిగే వేదనకే చికిత్స అవసరమన్నది ఆ మార్పు సారాంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో అడుగు ముందుకేసింది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన తన కొత్త వర్గీకరణలో ఈ అంశాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచే తప్పించింది.

కట్టు కథ

ఛాతీని చదునుగా కనిపించేలా చేసుకోవడానికి ట్రాన్స్ పురుషులు వాడే సాధనం బైండర్. చూడటానికి బిగుతైన బనియనులా ఉంటుంది. ముందు భాగంలో సాగని గుడ్డ, వెనుక సాగే గుడ్డ పెట్టి కుడతారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో మన దేశంలోనూ దొరుకుతోంది. కానీ ఇంట్లో తెలియకుండా పార్సిల్ తెప్పించుకోవడం కాలేజీ కుర్రాడికి చిన్న పని కాదు. దాంతో చేతికందిన దానితో సరిపెట్టుకునేవారు ఎక్కువ. మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీ, రెండు మూడు స్పోర్ట్స్ బ్రాలు ఒకదానిపై ఒకటి, చీర చెంగు, ఆఖరికి పార్సిళ్లకు అంటించే టేపు కూడా.

కట్టుకోవడం వల్ల మనసుకు దొరికే ఊరట నిజం. ఒంటికి కలిగే కష్టమూ అంతే నిజం. ఛాతీ కట్టుకునే 1,800 మందిని ప్రశ్నించి అమెరికా పరిశోధకులు రూపొందించిన అధ్యయనం 2016లో వెలువడింది. కట్టు వల్ల ఏదో ఒక ఇబ్బంది ఎదురైందని వారిలో 97 శాతానికి పైగా చెప్పారు. సగానికి పైగా మందికి నడుము, వెన్ను నొప్పి, సుమారు 49 శాతానికి ఛాతీ నొప్పి, దాదాపు 47 శాతానికి ఆయాసం. అదే సమయంలో కట్టుకున్నాక ఆందోళన తగ్గిందని, ఆత్మవిశ్వాసం పెరిగిందని కూడా వారే చెప్పారు. వారంలో ఎన్ని రోజులు కట్టుకుంటే అన్ని ఇబ్బందులు ఎక్కువన్నది ఆ అధ్యయనం తేల్చిన ముఖ్య విషయం. మధ్యమధ్య ఒంటికి సెలవివ్వాలన్న సలహా అక్కడి నుంచే బలపడింది.

నేలమీద ఇప్పుడు దాదాపు అందరూ చెప్పే జాగ్రత్తలు నాలుగే. రోజుకు ఎనిమిది గంటలు దాటకూడదు. కట్టుతో నిద్రపోకూడదు. బ్యాండేజీ, టేపు చుట్టుకోకూడదు. కట్టుతో పరుగెత్తడం, బరువులెత్తడం వంటి ఆయాసం తెచ్చే పనులు చేయకూడదు. ఈత ఆయాసం తెచ్చే పనుల్లో మొదటి వరుసలో ఉంటుంది. అయినా చాలామంది నేలమీద వేసుకున్న బైండర్‌తోనే, పైన టీషర్టు తగిలించుకుని నీళ్లలోకి దిగిపోతారు. తప్పు వారి తెగింపుది కాదు. వేరే మార్గం ఉందని చెప్పేవారు లేకపోవడానిది.

నీరు ఏం చేస్తుంది?

మెడ లోతు నీళ్లలో నిలబడితే గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టు అనిపిస్తుంది. అది భ్రమ కాదు. ప్రతి పది మీటర్ల లోతుకూ నీటి ఒత్తిడి ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది. అంటే మీటరు లోతులో పదోవంతు. ఆ ఒత్తిడి పక్కటెముకల గూడును లోపలికి, కడుపును పైకి నెడుతుంది. కాళ్లు, చేతుల్లోని రక్తం కొంత ఛాతీలోకి చేరుతుంది. ఫలితంగా మెడ వరకూ మునిగిన మనిషి ఊపిరి తీసుకోవడానికి పడే శ్రమ గట్టు మీద కంటే సుమారు 60 శాతం ఎక్కువని శరీరధర్మ శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఆరోగ్యవంతుడైన మనిషికి ఇది ఇబ్బంది కాదు. ఛాతీ కండరాలకు మంచి వ్యాయామం కూడా. కానీ ఆ గూడును అప్పటికే ఓ బిగుతు గుడ్డ పట్టి ఉంచితే? నీరు బయటి నుంచి నొక్కుతుంది, గుడ్డ విప్పారనివ్వదు.

ఈతలో ఊపిరి తీరు కూడా వేరు. గట్టు మీద నింపాదిగా పీల్చుకోవచ్చు. నీళ్లలో తల పక్కకు తిప్పిన అరక్షణంలో గుండెనిండా తీసుకోవాలి. ఆ అరక్షణంలో ఛాతీ పూర్తిగా తెరుచుకోకపోతే తర్వాతి బారకు గాలి చాలదు. రెండు బారల తర్వాత కంగారు మొదలవుతుంది. కంగారు ఊపిరిని మరింత పైపైకి తెస్తుంది. పైగా మనిషిని తేలేలా చేసేది ఊపిరితిత్తుల్లోని గాలే. అది తగ్గితే తేలిక తగ్గుతుంది. తడిసిన బిగుతు బైండర్‌ను నీళ్లలో విప్పుకోవడం కుదిరే పని కాదు, గట్టెక్కాక కూడా మరొకరి సాయం లేకుండా కష్టమే. క్రేప్ బ్యాండేజీ మరీ ప్రమాదకరం. ఒళ్లు కదిలేకొద్దీ జరిగి, ఒకచోట వదులై మరోచోట ఉరిలా బిగుస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. బయటివారికి తట్టనిది. ఈత నేర్చుకునేవారికి మొదటి రోజుల్లోనే నేర్పే పాఠం వెల్లకిలా తేలడం. అలసిపోయినా, లోతులో చిక్కుకున్నా ప్రాణం కాపాడేది అదే. వెల్లకిలా పడుకుంటే నీటి పైకి వచ్చేది ముఖమూ, ఛాతీనూ. ఛాతీని దాచుకోవాలని తపించే మనిషి సహజంగానే ఆ పాఠాన్ని తప్పించుకుంటాడు. బోర్లా ఈదడం, మెడ వరకూ నీళ్లలో ఉండటం అలవాటు చేసుకుంటాడు. బయటికి ఈత వచ్చినవాడిలానే కనిపిస్తాడు. ఆపదలో అక్కరకొచ్చే విద్య మాత్రం అతనికి రాదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో మన దేశంలో నీట మునిగి చనిపోయేవారు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 30 వేల మందికి పైగానే ఉంటున్నారు. ప్రపంచవ్యాప్తంగా 2021లో సుమారు 3 లక్షల మంది ఇలా చనిపోయారన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ మరణాలను తగ్గించడానికి ఆ సంస్థ చెప్పే మార్గాల్లో పిల్లలకు ఈత నేర్పడం ఒకటి. కాబట్టి ఒక మనిషి కొలనుకు దూరంగా ఉండిపోవడం సరదా కోల్పోవడంతో తీరిపోయే నష్టం కాదు.

మధ్యే మార్గం

ఛాతీని పూర్తిగా చదును చేయాలన్న పట్టు కాస్త సడలిస్తే నీళ్లలో మార్గాలు చాలానే ఉన్నాయి. అందరికీ అందుబాటులో ఉన్నది ర్యాష్ గార్డ్. సర్ఫింగ్ చేసేవారు ఎండ తగలకుండా, ఒళ్లు ఒరుసుకోకుండా వేసుకునే పొడుగు చేతుల నైలాన్ చొక్కా ఇది. క్రీడా దుస్తుల దుకాణాల్లో మగవారి సైజుల్లోనే దొరుకుతుంది. లోపల ఊపిరికి అడ్డురాని ఈత బ్రా లేదా ఓ మోస్తరు బిగుతున్న స్పోర్ట్స్ బ్రా, పైన ముదురు రంగు ర్యాష్ గార్డ్, కింద నడుము పైదాకా వచ్చే నిక్కరు. ఈ మూడూ కలిస్తే చూసేవారికి అతను ఎండకు జాగ్రత్తపడే మామూలు ఈతగాడే. నలుపు, ముదురు నీలం, లేదా పెద్ద పెద్ద అచ్చులున్న బట్ట ఒంటి ఒంపులను కప్పేస్తుంది. తెలుపు, లేత రంగులు తడిస్తే లోపలిదంతా చూపిస్తాయి.

ఈత కోసమే కుట్టిన బైండర్లూ ఉన్నాయి. వాటి బట్ట క్లోరిన్‌కు తట్టుకుంటుంది, త్వరగా ఆరుతుంది, పట్టు కాస్త తక్కువ. ముందు వైపు జిప్పు ఉన్నవైతే అవసరానికి ఒక్క లాగుతో తెరుచుకుంటాయి. అవి దొరకనివారు వాడివాడి సాగిపోయిన పాత బైండర్‌నో, తమ కొలతకంటే ఒక సైజు పెద్దదాన్నో ఈతకు కేటాయించుకోవచ్చు. డైవింగ్ చేసేవారు వేసుకునే నియోప్రీన్ రబ్బరు బనియను మందంగా ఉండి ఛాతీ ఆకారాన్ని కప్పేస్తుంది, తేలడానికీ సాయపడుతుంది. అయితే అదీ వదులుగానే ఉండాలి.

ఇటీవల వాడకం పెరిగిన మరో సాధనం టేపు. పార్సిల్ టేపు కాదు, క్రికెటర్ల భుజాల మీద రంగురంగుల్లో కనిపించే కైనీషియాలజీ టేపు. దీంతో ఛాతీని ఒక్కో వైపు విడిగా చంక దిశగా లాగి అంటిస్తారు. పక్కటెముకల చుట్టూ ఏదీ ఉండదు కాబట్టి ఊపిరి ఆడుతుంది, నీళ్లలోనూ నిలుస్తుంది. కానీ ఛాతీ చుట్టూ తిప్పి చుట్టకూడదు, చనుమొనల మీద మెత్తటి కప్పు లేకుండా అంటించకూడదు. జిగురు పడుతుందో లేదో ముందు చిన్న ముక్క అంటించి ఒక రోజు చూడాలి. తీసేటప్పుడు కొబ్బరి నూనె రాసి నానబెట్టి మెల్లగా తీయాలి. దురుసుగా లాగితే చర్మమూ దాంతోపాటే లేచివస్తుంది.

నీళ్లలోకి దిగే ముందు

• ఈతకు వేసుకోవాలనుకున్న బట్టలతో గట్టు మీదే పరీక్షించుకోండి. గుండెనిండా గాలి పీల్చగలగాలి, గట్టిగా దగ్గగలగాలి, రెండు చేతులూ తలపైకి ఎత్తగలగాలి. వీటిలో ఏది కుదరకపోయినా ఆ బట్ట ఈతకు పనికిరాదు.

• అదే రోజు ఉదయం నుంచీ బైండర్‌లో ఉన్నవారు నేరుగా కొలనుకు వెళ్లకూడదు. విప్పి, ఒంటికి కొన్ని గంటల విశ్రాంతి ఇచ్చాకే ఈత.

• మొదట నడుము లోతులోనే. అరగంటతో మొదలుపెట్టండి. విషయం తెలిసిన ఒక్కరైనా గట్టు మీద ఉండాలి. చెరువు, కాలువ, సముద్రం తర్వాతి మాట.

• ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చేతుల్లో తిమ్మిరి. వీటిలో ఏది కనిపించినా వెంటనే గట్టెక్కి బట్ట వదులు చేయాలి. ఆస్తమా ఉన్నవారు ముందే వైద్యుణ్ని అడగాలి.

• వెల్లకిలా తేలడం తప్పక నేర్చుకోండి. ర్యాష్ గార్డ్ వేసుకుని, జనం తక్కువున్న వేళ, నమ్మకమున్నవారి దగ్గర.

• నీళ్లలోంచి లేచి నడిచే పది అడుగులే చాలామందికి కష్టమనిపిస్తాయి. మెట్ల పక్కనే ముదురు రంగు తువ్వాలు పెట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది.

• తడి బట్టతో ఇంటికి వెళ్లొద్దు. విప్పి, మంచినీళ్లతో స్నానం చేసి, ఒళ్లు పొడిగా తుడుచుకోండి. మన ఉక్కపోతకు తడి బట్ట కింద తామర పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

కత్తెర తర్వాత

శస్త్రచికిత్సతో ఛాతీని చదును చేయించుకున్నవారికి ఈ బాధ చాలావరకు తీరుతుంది. 2015లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరిన షైలర్ బైలార్‌ను మొదట ఎంపిక చేసుకున్నది మహిళల ఈత జట్టుకు. ఛాతీ శస్త్రచికిత్స చేయించుకుని ఆయన పురుషుల జట్టులో ఈదారు. అమెరికా కాలేజీ క్రీడల అగ్రశ్రేణిలో పురుషుల జట్టు తరఫున ఈదిన తొలి బహిరంగ ట్రాన్స్ ఈతగాడు ఆయనే. మన దేశంలో న్యాయవాది, బాడీబిల్డర్ ఆర్యన్ పాషా 2018లో మజిల్‌మేనియా పోటీలో పురుషుల సరసన చొక్కా లేకుండా నిలబడి పతకం గెలిచారు.

కానీ శస్త్రచికిత్స అందరికీ అందేది కాదు, అందరూ కోరుకునేదీ కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్య బీమా కల్పిస్తూ, ఈ చికిత్సలనూ అందులో చేర్చే ఒప్పందం కేంద్ర సామాజిక న్యాయ శాఖకూ, జాతీయ ఆరోగ్య సంస్థకూ మధ్య 2022 ఆగస్టులో కుదిరింది. ఒప్పందం కాగితం మీంచి ఆసుపత్రి బల్ల మీదికి రావాలంటే చేయి తిరిగిన సర్జన్లు, సిద్ధపడే ఆసుపత్రులు ఉండాలి. వైద్యుణ్ని సంకోచం లేకుండా అడగగలిగే చోట్లు కూడా తక్కువే. ట్రాన్స్‌జెండర్ల కోసం వారి ఆధ్వర్యంలోనే 2021లో హైదరాబాద్‌లో మొదలైన మిత్ర్ క్లినిక్ 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోవడంతో మూతపడాల్సి వచ్చింది.

శస్త్రచికిత్స అయినవారూ వెంటనే నీళ్లలోకి దూకకూడదు. గాయం పూర్తిగా మానే వరకు, అంటే కొన్ని వారాలపాటు, కొలను నిషిద్ధం. ఎప్పుడు దిగాలో చెప్పాల్సింది శస్త్రచికిత్స చేసిన వైద్యుడే. కొత్త మచ్చలు ఎండకు నల్లబడతాయి కాబట్టి మొదటి ఏడాది వాటిని కప్పి ఉంచడం మేలు. అంటే ర్యాష్ గార్డ్ అవసరం అప్పుడూ తీరదు.

బోర్డు మీది మాట

ఇంతకూ ఈ ర్యాష్ గార్డ్‌ను వేసుకోనిస్తారా? అసలు చిక్కు అక్కడే. మన నగరాల్లోని చాలా ఈతకొలనుల దగ్గర గోడ మీద నిబంధనల బోర్డు ఉంటుంది. స్విమ్మింగ్ కాస్ట్యూమ్ తప్పనిసరి, టీషర్టులకు అనుమతి లేదు, మహిళలకు ప్రత్యేక సమయం. మగవారికి కాస్ట్యూమ్ అంటే నిక్కరు మాత్రమేనని కాపలాదారు అర్థం చేసుకుంటే పైన ఏది వేసుకున్నా అభ్యంతరమే.

ఈ నిబంధనకు కారణం లేకపోలేదు. నూలు బట్టల నుంచి రాలే పోగులు ఫిల్టర్లను పూడ్చేస్తాయి. తడిసిన నూలు టీషర్టు బరువెక్కి ఈదేవాణ్ని కిందికి లాగుతుంది. వీధిలో వేసుకున్న బట్టలతో దిగితే దుమ్మూ చెమటా నీళ్లలో కలుస్తాయి. ఈ అభ్యంతరాలన్నీ న్యాయమైనవే. కానీ వాటిలో ఒక్కటి కూడా ఈత కోసమే కుట్టిన నైలాన్ చొక్కాకు వర్తించదు. అదే కొలనులో మహిళలు మోచేతుల దాకా, మోకాళ్ల దాకా ఉన్న నైలాన్ సూట్లు వేసుకుని ఈదుతూనే ఉన్నారు. వారి వల్ల పాడవని ఫిల్టరు మగవాడి చొక్కాతో ఎందుకు పాడవుతుంది?

పోటీల సంగతి వేరు. అంతర్జాతీయ ఈత సమాఖ్య 2010 నుంచి అమలు చేస్తున్న నిబంధన ప్రకారం పురుషుల సూటు బొడ్డు దాటి పైకి రాకూడదు, మోకాలు దాటి కిందికి పోకూడదు. ఒంటినిండా తొడిగే సూట్లతో రికార్డులు వరుసగా బద్దలైపోవడంతో తెచ్చిన కట్టడి అది. ఛాతీ శస్త్రచికిత్స చేయించుకోని ట్రాన్స్ పురుషుడికి ఆ నిబంధన పురుషుల పోటీ దారి మూసేస్తుంది. కానీ పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవారు రికార్డులు బద్దలుకొట్టడానికి రారు కదా.

బట్టల తర్వాతి చిక్కు గది. గడ్డం, గరుకు గొంతు ఉన్న మనిషి మహిళల సమయంలో వస్తే అక్కడున్నవారికీ, అతనికీ ఇబ్బంది. మగవారి సమయంలో వస్తే, తలుపుల్లేని స్నానపు గదిలో పదిమంది మధ్య బట్టలు మార్చుకోవాలి. విషయం బయటపడితే ఎగతాళితో ఆగుతుందన్న హామీ లేదు. గడియ పడే తలుపున్న చిన్న గది ఒక్కటి ఉంటే ఈ భయం తీరిపోతుంది. మూడో చిక్కు కోచ్ చేయి. నేర్పేటప్పుడు కడుపు కిందో, ఛాతీ కిందో చేయి పెట్టి తేల్చడం మన కోచ్‌లకు అలవాటు. నడుముకు కట్టే ఫ్లోట్, చేతులతో పట్టుకునే బోర్డు ఆ పని అంతకన్నా బాగా చేస్తాయి. ముందుగా అడిగి తాకడం ఎవరికి నేర్పేటప్పుడైనా మర్యాదే.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. లింగ గుర్తింపు వ్యక్తి గౌరవంలో భాగమని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో తీర్పు చెప్పింది. ప్రజలందరికీ అందుబాటులో ఉండే సేవలు, సౌకర్యాల వాడకంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వివక్షను 2019లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. బహిరంగ ప్రదేశాల్లోకి వారిని రానివ్వకపోవడాన్ని నేరంగా పేర్కొంది. మునిసిపల్ కొలను అంతకంటే బహిరంగ ప్రదేశం మరొకటి ఉండదు. అయితే చట్టం చేతిలో ఉన్నంత మాత్రాన ఉదయం ఆరు గంటలకు కాపలాదారుతో వాదించే ఓపిక అందరికీ ఉండదు. వాదన పెరిగేకొద్దీ పోగయ్యే జనం ముందు తన గురించి తాను చెప్పుకోవాల్సి రావడమే అతను తప్పించుకోవాలనుకున్నది.

అందుకే పరిష్కారం కోర్టులో కంటే బోర్డు మీదే సులువు. "ఈత కోసం తయారైన నైలాన్ లేదా లైక్రా దుస్తులు ఏవైనా, ఎంత పొడవైనా, ఎవరైనా వేసుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం చాలు. ఎవరు ఎందుకు కప్పుకున్నారని అడిగే పనే ఉండదు. ఆ వాక్యం వల్ల లాభపడేది ట్రాన్స్ పురుషులు మాత్రమే కాదు. యుక్తవయసులో ఛాతీ ఉబ్బి తోటివారి వెక్కిరింతలకు గురయ్యే మగపిల్లలు, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స అయిన మహిళలు, కాలిన మచ్చలున్నవారు, బొల్లి మచ్చలను నలుగురిలో చూపించలేనివారు, లావుగా ఉన్నామని సిగ్గుపడేవారు. కొలను గట్టు మీద ఆగిపోయిన జనం మనం అనుకున్నంత తక్కువేమీ కాదు.

పల్లెల్లో దిగుడుబావులు చాలావరకు పూడిపోయాయి. నడుముకు సొరకాయ కట్టి తోసే పెద్దలూ తగ్గారు. కానీ ఆ కాలపు పెద్దలకు ఒక విషయం బాగా తెలుసు. ఈతకు దిగే పిల్లాడికి తేల్చేది కట్టాలి గానీ, ఊపిరి బిగించేది కాదు.